పదమూడో పడవలో పైవారందరూ

మన సభల్లో ఒక ఆచారం ఉంది. ఏ పుస్తకాన్ని పొగడాలన్నా ముందు అందులోని కథంతా మొదటినుంచి చివరిదాకా చెప్పెయ్యాలి. చెప్పకపోతే వక్త ఆ పుస్తకం చదవలేదని జనం అనుకుంటారు. నిజంగానే చదవని వక్తలు ఈ ఆచారాన్ని మరింత నిష్ఠగా పాటిస్తారు. వేదిక ఎక్కేముందు పక్కవాణ్ణి పట్టుకుని "ఆఖర్న ఏమవుతుందండీ?" అని అడిగి తెలుసుకుంటారు కాబట్టి వాళ్లకి తెలిసేది ఆ ఆఖరొక్కటే. తెలిసినదాన్ని దాచుకునే అలవాటు మనవాళ్లకి లేదు.

ఈ సంగతి గుర్తులేకనే చొక్కాకుల హేమలత 'బాల కలరవ పురస్కారం' అందుకోడానికి అంత సంబరంగా వెళ్లింది. ఆవిడ ఒక రేవు ఊళ్లో మత్స్యశాఖ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. పడవల లైసెన్సులు, వలల సబ్సిడీలు, వేట నిషేధం భృతి ఆవిడ సీటు. పొద్దున్నుంచి సాయంత్రందాకా పడవల ఫైళ్లతో గడిపే ఆ మనిషి, ఆదివారాలు కూర్చుని పిల్లలకోసం ఒక థ్రిల్లర్ నవల రాసింది. పేరు 'పదమూడో పడవ'.

అదొక చిన్న జాలరిపేట. ఆ పేటకున్నవి పన్నెండే పడవలు. పొద్దున్న పన్నెండే వేటకి వెళతాయి. కానీ మంచు పట్టిన సాయంత్రాల్లో ఒడ్డుకొచ్చే లాంతర్లు లెక్కపెడితే పదమూడు! ఆ పదమూడో పడవలో ఉన్నదెవరు? ముగ్గురు పిల్లలు కనిపెట్టాలి. లైట్‌హౌస్ కాపలాదారు, గురువులు అనే పేరుగలవాడు, ఉన్నాడు. ఒంటికన్ను, మాటా పలుకూ లేని మనిషి. ఐసు ఫ్యాక్టరీ పోలిరాజు ఉన్నాడు. నవ్వితే కూడా భయమేస్తుంది. పడవలు బాగుచేసే సింహాద్రి తాత కూడా ఉన్నాడు గాని, పిల్లలకి తేగలు కాల్చిపెట్టి కథలు చెప్పే ఆ ముసలాయన్ని ఎవరు అనుమానిస్తారు, పాపం. ఇంతకన్నా నేను చెప్పను. ఎవరో ఒకరు చెప్పేస్తారు, వాళ్లని తిట్టుకోండి.

రాస్తున్నన్నాళ్లూ హేమలత ఒక్కో అధ్యాయమూ మేనకోడలు సిరికి చదివి వినిపించేది. ఆఖరి అధ్యాయం చదివిన సాయంత్రం సిరి చేతిలో జంతిక చేతిలోనే ఉండిపోయింది. నోరు తెరిచి "హా!" అంది. అంతే, ఇంకో మాట లేదు. ఆ 'హా' విన్నాక హేమలతకి ఇంక పురస్కారాలు అక్కర్లేదనిపించింది. అదే చప్పుడు ఊరూరా పిల్లల నోట వినాలని మాత్రం గట్టిగా ఆశపడింది. ఆవిడ కోరిక అంతే, చాలా చిన్నది.

పురస్కార సభలో ముందు వరసల నిండా బడిపిల్లలున్నారు. కుర్చీలు ఖాళీగా కనబడకూడదని రెండు స్కూళ్లనుంచి తోలుకొచ్చారు. హేమలత వాళ్లని చూసి మురిసిపోయింది. వీళ్లంతా రేపు నా పుస్తకం చదువుతారు గదా అనుకుంది. అప్పుడు ముఖ్య అతిథి మైకు అందుకున్నారు.

"ఈ నవలలోని గొప్పదనం ఏమిటంటే," అన్నారాయన కంఠం పెంచి, "పదమూడో పడవలో ఉన్నది సింహాద్రి తాత అని, సముద్రపు తాబేళ్లను దొంగతనంగా పట్టించేది ఆయనేనని, ఆఖరి పేజీ దాకా ఎవ్వరూ ఊహించలేరు!"

సభ చప్పట్లతో మారుమోగింది. పిల్లలు కూడా కొట్టారు. తర్వాత మాట్లాడినాయన తాను వెనకపడిపోతానేమోనని, సింహాద్రి తాతని పిల్లలు ఎలా పట్టుకున్నారో కూడా చెప్పాడు. హేమలత శాలువా కప్పించుకుంటూ నవ్వింది. ఫోటోలో ఆ నవ్వు కొంచెం ఏడుపులా పడింది.

అంతటితో పోయినా బాగుండేది. పురస్కారం వచ్చిన పుస్తకాన్ని ఆరో తరగతికి ఉపవాచకంగా పెట్టాలని బాల వాచక పరిషత్తు నిర్ణయించింది. పుస్తకాలు పిల్లలకి ఎలా అందాలో నిర్ణయించడానికి పుట్టిన సంస్థ అది. దాని డైరెక్టరు భావనారాయణగారు హేమలతని పిలిపించారు. ఆయన టేబులు మీద పుస్తకం లేదు. ఫైలుంది.

"అమ్మా, మీ రచన అద్భుతం. మౌలికంగా అద్భుతం," అన్నారు.

"చదివారాండీ?" అంది హేమలత ఆశగా.

"నోట్ చూశానమ్మా. సమగ్రంగా ఉంది. ఒకే ఒక్క చిన్న సవరణ. మన వాచకాల్లో ప్రతి పాఠానికీ ముందు పెట్టెలో అభ్యసన ఫలితాలు వేస్తాం. ఈ పాఠం చదివాక విద్యార్థి ఏం తెలుసుకుంటాడో ముందే చెప్పాలన్నమాట. మీ మొదటి పాఠానికి మావాళ్లు తయారుచేశారు, చూడండి."

కాగితం ఇచ్చారు. అందులో ఇలా ఉంది: 'ఈ పాఠాన్ని పఠించిన పిదప విద్యార్థి, పదమూడవ పడవలో ఉన్నది సింహాద్రి తాత అని గుర్తించగలడు. సింహాద్రి తాత దొంగ అగుటకు గల కారణాలను సొంత మాటల్లో చెప్పగలడు.'

"ఇది ఆఖరి పేజీలో తెలియాల్సిన సంగతండీ. మొదటి పేజీలో చెప్పేస్తే ఇంక చదవడం ఎందుకు?"

"అదేమిటమ్మా! లక్ష్యం తెలియకుండా అభ్యసనం ఎలా జరుగుతుంది? చదివితే తెలుస్తుందిలే అని వదిలేస్తే, చదవని పిల్లవాడి సంగతేమిటి? వాడు కూడా మన పిల్లవాడే కదా!"

హేమలత ఆ కాగితాన్ని ఆయన ముందుకే తోసింది. ఈలోగా పక్కనున్న పసిమనసుల సంక్షేమ సభ్యురాలు అందుకుంది. "ఉత్కంఠ విషయంలో మాకు కొంచెం ఆందోళన ఉందండీ. ప్రతి అధ్యాయమూ భయంతో ముగుస్తోంది. ఒక పీరియడు దాటి పిల్లలు అనిశ్చితిలో ఉండకూడదని నిబంధన. అందుకని ప్రతి అధ్యాయం చివరా ఒక వాక్యం కలిపాం. 'భయపడకండి, ముగ్గురు పిల్లలూ క్షేమంగా ఇల్లు చేరుతారు.' ఉత్కంఠ అలాగే ఉంటుంది, ఆందోళన మాత్రం పోతుంది."

"ఆందోళన పోయాక ఉత్కంఠ ఎక్కడుంటుందండీ?"

"పదకోశంలో ఉంటుందమ్మా," అన్నారు డైరెక్టరుగారు. "అర్థంతో సహా ఇస్తున్నాం."

అట్ట మీద బొమ్మ కూడా అప్పుడే ఖాయమైంది. మంచులో దూరంగా లాంతరు ఒక్కటే ఉంటే బాగుంటుందని హేమలత అంది. స్పష్టత లేదన్నారు. చివరికి అట్ట నిండా పట్టపగటి వెలుతురు, నడిమధ్యన పడవ, అందులో సింహాద్రి తాత. ఆయన చేతిలో తాబేలు. కింద పేరు.

పుస్తకాలు బళ్లకెళ్లాయి. హేమలతని ఊళ్లోని హైస్కూలుకి పిలిచారు. తెలుగు మాస్టారు పార్వతీశంగారు మంచివాడు, ఆవిణ్ణి చూసి ఎంతో ఆనందించాడు. "మా పిల్లలకి మీ నవల కంఠోపాఠమండీ, కావాలంటే అడగండి" అన్నాడు.

"పదమూడో పడవంటే మీకు భయమేసిందా?" అని అడిగింది హేమలత.

పిల్లలు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. అది ప్రశ్నల్లో లేదు. మాస్టారే కల్పించుకుని, "ఒరేయ్, పదమూడో పడవలో ఉన్నదెవరు?" అన్నారు. తరగతంతా లేచి నిలబడి ఒక్క గొంతుతో "సింహాద్రి తాత!" అంది. "ఉత్కంఠ అనగానేమి?" అన్నారు. "ఏమి జరుగునో అని మనసునందు కలుగు ఆతురతను ఉత్కంఠ అందురు!" అన్నారు పిల్లలు, మూడో బెంచీవాడు ఆవలిస్తూ. గైడులో ఉన్నది ఉన్నట్టే చెప్పారని మాస్టారు మెచ్చుకున్నారు.

ఆ సాయంత్రం హేమలత ఆఫీసుకి తిరిగొచ్చి ఫైలు ముందేసుకుని కూర్చుంది. తాను రాసింది చెడగొట్టారన్న కోపం కాదు. ఆ ఆవలింతే కళ్లముందు ఆడుతోంది. సూపరింటెండెంటు తవిటినాయుడుగారు అటుగా వెళుతూ, "ఏటమ్మా, అలాగున్నారు? పుస్తకం టెక్స్టుబుక్కైపోయిందట కదా! ఇంకేటి కావాలి?" అన్నారు. ఆయన నిజంగా సంతోషించి అన్న మాట అది. అందుకని హేమలత నవ్వి, ఫైలు తిప్పింది.

అంతలో పరీక్షలొచ్చాయి. తెలుగు పేపర్లో ఒక ప్రశ్న ఇచ్చారు. 'పదమూడవ పడవలో ఉన్నది ఎవరు? ఎ) లైట్‌హౌస్ గురువులు బి) ఐసు ఫ్యాక్టరీ పోలిరాజు సి) సింహాద్రి తాత డి) పైవారందరూ.' నాలుగో జవాబుగా 'పైవారందరూ' అని పెట్టడం ప్రశ్నలు తయారుచేసేవాళ్లకి మొదటినుంచీ ఉన్న అలవాటు. ఎంత ఆలోచించినా నాలుగోది తట్టనప్పుడు అది ఆదుకుంటుంది. రాష్ట్రమంతా పిల్లలు కళ్లు మూసుకుని 'సి' రాశారు. మర్నాడు పరిషత్తు అధికారిక కీ విడుదల చేసింది. అందులో జవాబు 'డి'.

హేమలత పరుగెత్తుకెళ్లింది. "కీలో తప్పు దొర్లిందండీ. తాత ఒక్కడే పడవలో ఉంటాడు."

"కీ మీద అభ్యంతరాలకి గడువు ముగిసిందమ్మా," అన్నారు భావనారాయణగారు.

"ఎప్పుడు ముగిసిందండీ?"

"కీ విడుదలకి ముందే. పారదర్శకత కోసం ముందే పెట్టాం."

"కానీ పుస్తకంలో..."

"అక్కడే ఉంది సమస్య. కీ ప్రకారం డి. పుస్తకం ప్రకారం సి. అంటే పుస్తకం కీకి అనుగుణంగా లేదన్నమాట. తద్వారా గందరగోళం ఏర్పడింది." ఆయన కళ్లజోడు తుడుచుకుని మెత్తగా చెప్పారు. "మీరు అర్థం చేసుకోవాలి. మార్కులు వేసేశాం. 'డి' రాసినవాళ్లకి మార్కు వచ్చింది, మిగతావాళ్లకి కలిపాం. ఇప్పుడు మార్కులు ముట్టుకుంటే తల్లిదండ్రులు గేటు దగ్గరికొస్తారు. పుస్తకం మారిస్తే ఎవరొస్తారమ్మా? ఎవరూ చదవలేదుగా."

వారం తిరక్కుండా మత్స్యశాఖకి మెమో వచ్చింది. సదరు ఉద్యోగిని తన రచనను అధికారిక కీకి అనుగుణంగా సవరించి సమర్పించవలెను. హేమలతకి నవల రాసుకోడానికి శాఖ ఇచ్చిన అనుమతిలోనే, ప్రభుత్వానికి ఇబ్బంది కలిగించరాదని ఒక షరతు ఉంది. తవిటినాయుడుగారు ఆ కాగితం పట్టుకుని ఆవిడ సీటు దగ్గరికొచ్చి నిలబడ్డారు.

"ముగ్గుర్నీ ఎక్కించీయండమ్మా. కాగితం మీద పడవే కదా, మునిగిపోద్దా ఏటి?"

"సార్, ఆ తాతని పిల్లలు ప్రాణంలా చూసుకుంటారు. ఆయనే అని తెలిసినప్పుడే కదా గుండె ఆగేది. ముగ్గురూ ఉంటే ఎవరి గురించి బాధపడాలి?"

"బాధలెందుకమ్మా పిల్లలకి," అన్నారాయన నిజాయితీగా.

హేమలత సంతకం పెట్టింది. పెట్టి, బాత్రూములోకెళ్లి మొహం కడుక్కుని వచ్చింది.

ముగ్గుర్నీ ఎక్కించింది సరే, పరిషత్తులో ఎవరో జాగ్రత్తపరుడు ఒక సందేహం లేవదీశాడు. పుస్తకంలో అది చిన్న తెప్ప అని రాసుంది, ముగ్గురు పెద్దమనుషులు అందులో పడతారా? పడకపోతే అశాస్త్రీయ విషయాన్ని బోధించినట్టవుతుంది. సాంకేతిక ధ్రువపత్రం కావాలని ఫైలు మత్స్యశాఖకి పంపారు. పడవల ఫైలు కాబట్టి అది సరాసరి హేమలత సీటుకొచ్చింది. తన నవలలో పడవ గురించి తనకే వచ్చిన ఫైలు మీద ఆవిడ నియమం ప్రకారం రాసింది: 'సదరు తెప్పయందు ముగ్గురు ఎక్కినచో మునుగును.' ఫైలు మళ్లీ వచ్చింది: 'మునగకుండా తగు చర్య తీసుకొనవలెను.'

తగు చర్య తీసుకుంది. తెప్పని నాటుపడవ చేసింది. చాలదన్నారు. మరపడవ చేసింది. ముగ్గురితోపాటు తాబేళ్లు కూడా ఉన్నాయి గదా అన్నారు. చివరికి పదమూడో పడవ, మిగతా పన్నెండింటినీ ఒకచోట కలిపి పెట్టినా ఇదే పెద్దదిగా కనిపించేంత అయింది. ఇంక మంచులో దాన్ని కనిపెట్టడానికి ముగ్గురు పిల్లలు అక్కర్లేదు, ఊరంతా గుమ్మాల్లోంచే చూడొచ్చు. ఆ సంగతి చెబితే భావనారాయణగారు, "మంచిదే కదమ్మా. పిల్లల మీద అన్వేషణా భారం తగ్గింది" అన్నారు.

ఇదంతా ఒకవైపు జరుగుతుండగా నవలకి పేరొచ్చింది కాబట్టి తక్కిన శాఖలు కూడా ఊరుకోలేదు. సాంస్కృతిక విభాగం నృత్యరూపకం కట్టింది. వాళ్ల చేతిలో ఉన్నది మొదటి ముద్రణ కాబట్టి దొంగ సింహాద్రి తాతే. తెర లేవగానే సూత్రధారి వచ్చి, 'తాతయే దొంగ, తథ్యమిది వినుడీ' అని చేతులు తిప్పుతూ పాడేస్తాడు. ఆపైన గంటన్నర అందరూ ఆ తథ్యం మీద నాట్యం చేస్తారు. రేడియోవాళ్లు నాటకం వేశారు. వాళ్ల దగ్గర వృద్ధపాత్రలు వెయ్యడానికి ఆడిషన్ గ్రేడున్న కళాకారుడు ఆ నెల సెలవులో ఉన్నాడు. గ్రేడు లేనివాడిచేత దొంగతనం చేయించకూడదు కాబట్టి నేరాన్ని లైట్‌హౌస్ గురువులికి బదిలీ చేశారు. బొమ్మల సినిమా తీసినవాళ్లు ఇంకోలా చేశారు. బొమ్మల సినిమాల్లో దొంగ లావుగా ఉండాలి, అలా అయితేనే పిల్లలు గుర్తుపడతారని వాళ్ల నమ్మకం. ముగ్గురిలో లావుగా ఉన్నది పోలిరాజు. పడవ పోలిరాజుకిచ్చారు.

ఒక్కోదానికీ హేమలతని పిలిచి కొబ్బరికాయ కొట్టించారు. ఆవిడ వెళ్లింది. కొట్టింది.  

కొత్త విద్యాసంవత్సరం మొదలయ్యేసరికి పరిస్థితి ఇదీ. అట్ట మీద తాత. పెట్టెలో, సవరించిన ప్రకారం, ముగ్గురూ. పడవ పెంచిన కథ ఇంకా అచ్చు కాలేదు కాబట్టి లోపల మాత్రం పాత కథే. రేడియోలో గురువులు. టీవీలో పోలిరాజు. బళ్లలో పిల్లలు కొట్టుకోవడం మొదలుపెట్టారు. ఒక బడిలో ఏడో తరగతివాళ్లంతా తాత పక్షం, ఆరో తరగతివాళ్లంతా పోలిరాజు పక్షమై మధ్యాహ్న భోజనం కంచాలు విసురుకున్నారు. ఒక డిప్యూటీ విద్యాధికారి తనిఖీకెళ్లి, దొంగ ఎవరని పిల్లల్ని అడగబోయి, సరైన జవాబు తనకీ తెలియదని గ్రహించి, డ్రిల్లు చేయించి వచ్చేశాడు. వార్త పేపర్లకెక్కింది.

పరిషత్తులో సమన్వయ కమిటీ కూర్చుంది. శాఖల ప్రతినిధులంతా వచ్చారు. రేడియో తరఫు ఆయన, ప్రసారమైనదాన్ని వెనక్కి తీసుకునే పద్ధతి తమకి లేదన్నాడు. సాంస్కృతిక విభాగంవారు, తాతకి కుట్టించిన జుబ్బా గురువులికి పట్టదన్నారు. ఒకాయన రెండేసి జిల్లాలకి ఒక్కో దొంగని కేటాయిస్తే సమన్యాయంగా ఉంటుందని సూచించాడు. దాని మీద చాలాసేపు చర్చ నడిచింది. చర్చ జరుగుతుండగా హేమలత చెయ్యెత్తింది.

"అసలెవరో నేను చెప్పనా?"

"మీరు ఇందులో సొంత ప్రయోజనం ఉన్న పక్షం కదమ్మా," అన్నారు భావనారాయణగారు బాధగా. "మీ మాట ప్రామాణికం కాదు."

సాయంత్రానికి తీర్మానం అయింది. నేరస్తుణ్ణి నిర్ధారించడానికి ఉపసంఘం వెయ్యాలి. ఉపసంఘం నివేదిక ఇచ్చేదాకా పదమూడవ పడవలో ఉన్నదెవరో ఎక్కడా, ఎవ్వరూ, ఏ రూపంలోనూ వెల్లడించరాదు. వాచకాల అట్టల మీదా, పెట్టెల మీదా, ఆఖరి అధ్యాయం మీదా తెల్లకాగితం అతికించవలెను. గైడులు వెనక్కి తీసుకోవలెను. నృత్యరూపకం, నాటకం, బొమ్మల సినిమా ఆఖరి ఘట్టానికి ముందే ఆగిపోవలెను. పిల్లలు క్షేమంగా ఇల్లు చేరుతారనే వాక్యాలు కూడా విచారణను ప్రభావితం చేస్తాయి కాబట్టి వాటి మీదా కాగితం. ఉపాధ్యాయులూ రచయిత్రీ గోప్యత పాటిస్తామని రాసివ్వాలి.

అన్నాళ్లుగా పెట్టిన సంతకాలన్నిటిలో హేమలత ఆ ఒక్కటి మాత్రం నిమ్మళంగా, అక్షరం అక్షరం తీర్చి పెట్టింది.  ఆ బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లలో తామేం చేశారో తెలిసిన మనిషి ఆవిడ ఒక్కతే.

కాగితాలు అతికించారో లేదో స్వయంగా చూసి రమ్మని పైనుంచి ఒత్తిడి రావడంతో భావనారాయణగారు తనిఖీలకి బయల్దేరారు. అతికించింది సరైన పేజీల మీదేనని ధ్రువీకరించడానికి రచయిత్రి ఉండాలి కాబట్టి హేమలతని కూడా కారెక్కించుకున్నారు. ఊళ్లోని హైస్కూలుకి వెళ్లేసరికి మధ్యాహ్న భోజనం వేళ. పార్వతీశం మాస్టారు గేటు దగ్గరికి ఎదురొచ్చారు. మనిషి చిక్కినట్టున్నాడు.

"నా చేత రాయించుకున్నారు కదండీ, చెప్పకూడదని," అన్నాడు హేమలతతో గొంతు తగ్గించి. "పిల్లలు ప్రాణాలు తోడేస్తున్నారు. పాఠం వద్దని పారిపోయేవాళ్లు, బెల్లు కొట్టినా నన్ను వదలటం లేదు. ఇంకో పేజీ, ఇంకో పేజీ అంటారు. పదకొండో అధ్యాయంతో ఆగిపోయాం. నిన్న ఒకడు నన్ను ఇంటిదాకా తరుముకొచ్చాడు."

"తెల్లకాగితాలు భద్రంగా ఉన్నాయా?" అన్నారు భావనారాయణగారు.

మాస్టారు నేల చూపులు చూశాడు.

బడి వెనక చేతులు కడుక్కునే కొళాయి గట్టు దగ్గర ఆరో తరగతి మొత్తం గుమిగూడి ఉంది. ఒక్కరి చేతిలోనూ కంచం లేదు. కాగితాలు మైదాపిండి జిగురుతో అతికించారని, నీళ్లతో తడిపి ఓపిగ్గా కూర్చుంటే పేజీ చిరక్కుండా ఊడొస్తాయని వాళ్లు కనిపెట్టారు. జడకి ఎర్ర రిబ్బను కట్టుకున్న పైడితల్లి అనే పిల్ల తడిగుడ్డ పేజీ మీద అద్దుతోంది. మిగతావాళ్లు ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. గోడవార ఇంకో ముగ్గురు పిల్లలు తమ పుస్తకంలో అప్పటికే కాగితం ఊడదీసుకుని తల తల ఆనించి చదువుతున్నారు. ఉన్నట్టుండి వాళ్లలో ఒకమ్మాయి పుస్తకం మీంచి తలెత్తింది. నోరు తెరుచుకుంది.

"హా!"

కొళాయి దగ్గరున్నవాళ్లంతా గిరుక్కున తిరిగి చెవులు మూసుకున్నారు. "సెప్పకే! తల్లీ, నీకు దండమెడతాం, సెప్పీకే!" అని అరిచారు. ఆ అమ్మాయి రెండు చేతులూ నోటికడ్డం పెట్టుకుంది. కళ్లమ్మట నీళ్లు కారిపోతున్నాయి గాని ఒక్క మాట బయటికి రానివ్వలేదు.

హేమలత మామిడి చెట్టు వైపు మొహం తిప్పుకుంది. కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఎంత తుడుచుకున్నా ఆగలేదు, ఆపాలని కూడా ఆవిడకి లేదు.

భావనారాయణగారు మాత్రం అగ్గి మీద గుగ్గిలమయ్యారు. "ఏమిటిది? ఇది ప్రభుత్వ ఆస్తి! విచారణలో ఉన్న అధ్యాయం! ఎవరిమ్మన్నారు నీళ్లు?" అంటూ వెళ్లి పైడితల్లి చేతిలో పుస్తకం లాక్కున్నారు. తడిసిన పేజీ ఎంతవరకు పాడైందో చూడ్డానికి కళ్లజోడు పెట్టుకున్నారు. సగం పేజీ తేలింది. ముగ్గురు పిల్లలూ పాత పడవ వెనక నక్కి ఉన్నారు. పదమూడో లాంతరు దగ్గరికొస్తోంది. తెడ్డు చప్పుడు ఆగింది. పడవలోంచి ఒక మనిషి మోకాలిలోతు నీళ్లలోకి దిగి, లాంతరు పైకెత్తి, పిల్లలున్న వైపు మొహం తిప్పాడు.

డైరెక్టరుగారు పేజీ తిప్పారు. తెల్లగా ఉంది.

ఆయన మళ్లీ వెనక్కి తిప్పారు, మళ్లీ ముందుకి తిప్పారు. పుస్తకాన్ని ఎండకి ఎత్తిపట్టి చూశారు. ఏమీ కనబడలేదు. మెల్లిగా హేమలత పక్కకొచ్చి, చుట్టూ చూసి, గొంతు బాగా తగ్గించి అడిగారు.

"అమ్మా, ఫైల్లో ఒకసారి ఒకడు, ఒకసారి ముగ్గురు. నాకూ సరిగ్గా గుర్తులేదు. నేనెవరికీ చెప్పనులే. ఎవరమ్మా వాడు?"

"చెప్పకూడదు కదండీ," అంది హేమలత. "మీకే రాసిచ్చాను."

 ఆయన కొళాయి దగ్గరికి వెళ్లి పుస్తకం పైడితల్లి చేతికి తిరిగిచ్చారు.

"తర్వాతి పేజీ తియ్యమ్మా," అన్నారు.

పైడితల్లి పేజీ మూల గోటితో తడిమి చూసింది.

"ఇంకా నానలేద్సార్," అంది. "కూకోండి."

డైరెక్టరుగారు ప్యాంటు కొంచెం పైకి లాక్కుని గట్టు మీద కూర్చున్నారు.